గాజువాకలో దొరికిన ముప్ఫై రెండు

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ గొడుగూ,

నీ ఉత్తరం అంది రెండు నెలలైంది. ఆలస్యానికి క్షమించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, పాప తొమ్మిదో తరగతికి వచ్చింది, ఇంటికి రంగులు వేయించాం. ఇంటి కబుర్లు ఇంతే. ఒక సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు.

ఐపీ అడ్రసులు, అంటే ఇంటర్నెట్లో యంత్రాలను గుర్తించే నంబర్లు, కావాలని వచ్చే దరఖాస్తులు చూసి మంజూరు చేయడమే నా పని అని నీకు తెలుసు కదా. హాస్టల్లో నువ్వు చూసిన భోజనం టోకెన్ల లెక్క లాంటిదే. (ఆ ఇరవై మూడో టోకెను సంగతి నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.) పాత పద్ధతి అడ్రసులు ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్లే. ప్రపంచ దేశాలన్నిటికీ కలిపి ఉన్న నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయిపోయింది. మన ఆసియా ప్రాంతానికి పంచే బ్రిస్బేన్ సంస్థ ఇప్పుడు కొత్త సభ్యులకు 512కు మించి ఇవ్వదు. మా ఇంటర్నెట్ కంపెనీ ముందే చేరింది కాబట్టి 1024 దక్కాయి. అవీ ముక్కలు ముక్కలుగా ఎప్పుడో పంచేశాం.

పోయిన నెల మధురవాడ నుంచి ఒక డాక్టరమ్మ యాభై అడ్రసులు అడిగారు. పల్లె ఆసుపత్రుల్లో తీసిన స్కాన్లు ఇక్కడ కూర్చుని చదివి రిపోర్టు పంపే బృందం వాళ్ళది. మూడుసార్లు తిప్పి పంపాను. ఏ యంత్రానికి, ఎందుకు అని అడిగాను. విసుక్కోకుండా అన్నీ రాసి పంపారు. బయటి నుంచి నేరుగా చేరవలసిన సర్వర్లు తొమ్మిదే. మిగతా కంప్యూటర్లన్నీ 192.168తో మొదలయ్యే లోపలి అడ్రసులతో, బయటికి ఒకే అడ్రసు వెనుక నడుస్తాయి. అంటే వరుసగా పదహారు అడ్రసులున్న బ్లాకు చాలు. అందులో యంత్రాలకు ఇవ్వకూడని మొదటిదీ చివరిదీ పోగా పద్నాలుగు, బయటికి దారి చూపే గేట్‌వేకి ఒకటి తీస్తే పదమూడు.

కానీ మా దగ్గర వరుసగా పదహారు లేవు! అక్కడో నాలుగు, ఇక్కడో ఎనిమిది. కొత్త పద్ధతి, అదే ఐపీవీ6, ఇద్దామంటే అవతలి ఆసుపత్రుల్లో ఇంకా పాతదే. తిరస్కరించమని మేనేజరు చెప్పారు. ఆవిడ ఫోనులో అన్న మాట నన్ను వదలలేదు: "రాత్రిపూట తలకు దెబ్బ తగిలి వచ్చినవాళ్ళ స్కాను ఆగకూడదండీ."

ఆ రాత్రి రిజిస్టరు మొదటి నుంచీ తిరగేశాను. 2013లో గాజువాకలో ఒక చిన్న ఆఫీసుకు ముప్ఫై రెండు ఇచ్చినట్టు ఉంది. నెలల తరబడి చుక్క ట్రాఫిక్ లేదు. పింగ్‌కు, అంటే ఉన్నావా అని యంత్రాన్ని పలకరిస్తే, జవాబు రాలేదు, కానీ దాన్ని నమ్మి లాక్కోలేం, బయటివాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ ఉన్నా జవాబు రాదు. మర్నాడు బస్సెక్కి వెళ్ళాను. అక్కడ టైలరు షాపు ఉంది! 2014 హుద్‌హుద్‌లో పైకప్పు రేకులు ఎగిరిపోయాక ఆ ఆఫీసువాళ్ళు సామాను సర్దుకుని రాజమండ్రి వెళ్ళిపోయారట. కనెక్షన్ తీసేశాం, రిజిస్టరులో పేరు మాత్రం కొట్టేయలేదు.

గొడుగూ, ఆ పాత దరఖాస్తు తీసి చూశాను. "ఎందుకు" అన్న చోట "భవిష్యత్ అవసరాలకు" అని రెండే మాటలు. కింద నా సంతకం. ఈవిడను మూడుసార్లు తిప్పిన చేతితోనే అప్పుడు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా... ఏం రాయాలో తెలియడం లేదు.

రాజమండ్రి వెళ్ళిన ఆ ఆఫీసు ఆయన ఫోను నంబరు ఆ టైలరు దగ్గరే దొరికింది. విషయం చెప్పగానే వదులుకుంటున్నట్టు ఆ సాయంత్రమే ఉత్తరం పంపారు. పదహారు మంజూరు చేశాను. అయితే అందులో ఒక అడ్రసు ఏదో స్పామ్ జాబితాలో, అంటే చెత్త మెయిళ్ళు పంపేవాటి జాబితాలో, ఉంది, ఎవరు పాడు చేశారో, అది శుభ్రం కావాలి. మిగతావి గురువారం నుంచి నడుస్తున్నాయి. మొదటి స్కాను వచ్చిందని ఆవిడ ఫోను చేస్తే బీచ్ రోడ్డు మీద చాలాసేపు ఒక్కడినే నడిచాను, నువ్వు పక్కన ఉంటే...

ఇప్పుడు 2015కు ముందు మంజూరు చేసినవన్నీ మళ్ళీ చూస్తున్నాను. నిన్న అనకాపల్లిది ఒకటి దొరికింది, దాని కథ ఇంకా

మీ బావమరిది రైలుకు బయలుదేరుతున్నాడు, ఉత్తరం ఇచ్చేయాలి. మిగతాది తర్వాత.

నీ
పదహారో గది