కిట్ లెన్సు విప్పనోడికి మిర్రర్‌లెస్ దేనికి?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో లెన్సు విప్పి మార్చుకునే మిర్రర్‌లెస్ కెమెరా కొనాలా, లెన్సు విప్పరాని, పెద్ద సెన్సార్ (లోపల ఫోటో పడే చిప్పు) ఉండే కాంపాక్ట్ కెమెరా కొనాలా అని ఒక వ్యాసం వేసినారు. పొద్దున కాఫీ తాగతా చదివినా, చదివినాక ఊరికే ఉండబుద్ధి కాలేదు, అందుకే ఇది రాస్తున్నా. నాది కడప, హైస్కూల్లో సోషల్ చెప్తాను, సెలవు దొరికితే చాలు గండికోట, సిద్ధవటం, పుష్పగిరి, ఒంటిమిట్ట అని కెమెరా జేబులో వేసుకుని పోతాంటాను. ఇట్లా పదిహేనేళ్లుగా తిరుగుతున్నా కాబట్టి ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పొచ్చు అనుకుంటున్నా.

మీ వ్యాసం చివరికి తేల్చింది ఒకటే మాట. మిర్రర్‌లెస్‌లో సెన్సార్ పెద్దది, సెన్సార్ పెద్దదైతే ఫోటో బాగా వస్తుంది, డబ్బులుంటే మిర్రర్‌లెస్ కొనండి, లేకపోతే కాంపాక్ట్‌తో సరిపెట్టుకోండి అని. పక్కన ఒక పట్టిక కూడా వేసినారు, అందులో మెగాపిక్సెల్ ఉంది, సెన్సార్ సైజు ఉంది, ధర ఉంది. లెన్సు గురించి ఒక్క ముక్క లేదు. అసలు కథంతా లెన్సులోనే ఉంటే దాన్నే వదిలేసినారు. మా ఊర్లో పిల్లోళ్లు మీ పేపర్ చూసే కెమెరా కొంటారు సార్, నా దగ్గరికి చదువుకోడానికి వచ్చి పెద్దోళ్లయిన పిల్లోళ్లు ఇద్దరు అప్పుడే ఆ పేజీ ఫోటో తీసి పంపించి "సార్ ఇది కొనమంటారా" అని అడిగినారు.

మా అక్క కొడుకు సంగతి చెప్తా. వానికి బెంగళూరులో ఉద్యోగం వచ్చినాక ఏడాదిపాటు కూడబెట్టి మిర్రర్‌లెస్ కొన్నాడు, షాపాయన లెన్సుతో కలిపి సెట్టుగా ఇచ్చినాడు, 16-50 మిల్లీమీటర్ల జూమ్, కిట్ లెన్సు అంటారు, ఎఫ్ (వెలుతురు ఎంత రానిస్తుందో చెప్పే నంబర్) 3.5 నుంచి 5.6 దాకా. "మామా, నీ దానికంటే దీని సెన్సార్ మూడింతలు పెద్దది తెల్సా" అన్నాడు, సంతోషంగానే అన్నాడు. అది నిజమే. నా దగ్గర ఉండేది జేబులో పట్టే కెమెరా, 1 ఇంచ్ సెన్సార్ అంటారు గానీ అది ఏ పక్క కొలిచినా ఇంచు ఉండదు, 13.2 మిల్లీమీటర్లు అడ్డం, 8.8 నిలువు, పాతకాలం వీడియో కెమెరాల ట్యూబుల లెక్కలో పెట్టిన పేరు అట్లే నిలబడిపోయింది. వాని కెమెరాలో ఉండేది ఏపీఎస్-సీ అనే సైజు సెన్సార్, దాదాపు 23.5 బై 15.6. వైశాల్యం లెక్కేస్తే 116 చదరపు మిల్లీమీటర్లు ఒక పక్క, 367 ఇంకో పక్క. మూడింతలకు కొంచెం ఎక్కువే.

ఆ ఏడాది ఒంటిమిట్ట కల్యాణానికి ఇద్దరం పోయినాం. మన ఒంటిమిట్టలో కల్యాణం రాత్రిపూట, పండు వెన్నెల్లో జరుగుతుంది కదా, జనం మధ్యలో ఎక్కడో దూరంగా కూర్చున్నాం, ముందుకు పోయే దారి లేదు, ఇద్దరం జూమ్ చివరిదాకా లాగి తీసినాం. ఇంటికొచ్చి రెండు ఫోటోలు కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి చూస్తే వాడు చాలాసేపు మాట్లాడలే. రెండిట్లోనూ గింజలు గింజలుగా నాయిస్ ఉంది, రెండిట్లోనూ దాదాపు ఒకటే. షట్టర్ స్పీడ్ ఇద్దరిదీ ఒకటే పెట్టినాం, ఐఎస్ఓ (వచ్చిన వెలుతుర్ని కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో ఆ నంబర్) నా కెమెరాలో 1600, వాని దాంట్లో 6400. వాడు కెమెరాలో ఏదో లోపం ఉందేమో అన్నాడు. లోపమేం లేదు. నా లెన్సు జూమ్ చివర్లో కూడా ఎఫ్ 2.8, వానిది ఎఫ్ 5.6, అంతే తేడా.

దీన్ని వానికి వాన లెక్కతో చెప్పినా, మీ పాఠకులకి కూడా అదే చెప్తా. వాన పడేటప్పుడు మిద్దె మీద పాత్ర పెట్టినామనుకోండి. సెన్సార్ అంటే ఆ పాత్ర నోరు ఎంత వెడల్పో అది. లెన్సు అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కన్నం, వాన ఎంత గట్టిగా పడతాందో అది. ఎఫ్ పక్కన నంబర్ ఎంత చిన్నదైతే వాన అంత గట్టిది. ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 2.8కి వస్తే వాన నాలుగింతలవుతుంది. అంటే నాది చిన్న గిన్నె, కానీ జడివాన కింద పెట్టినా, వానిది గంగాళం, కానీ సన్నజల్లు కింద పెట్టినాడు. చివరికి నీళ్లు రెండిట్లో ఇంచుమించు సమానం. జూమ్ మొదట్లో చూసినా అంతే, నాది ఎఫ్ 1.8, వానిది 3.5, అక్కడ కూడా వాన నాలుగింతలకు కొంచెం తక్కువ తేడా, సెన్సార్ మూడింతల తేడా. గంగాళం ఉంది గదా అని సంతోషపడితే సరిపోదు, వానెట్ల పడతాందో చూడాల.

మిర్రర్‌లెస్ పనికిరాదు అని నేను చెప్పడంలే సార్, అట్లా అర్థం చేసుకోవద్దు. తర్వాత మావాడు ఎవరి దగ్గరో 30 మిల్లీమీటర్ల ఎఫ్ 1.4 లెన్సు ఒకటి అడిగి తెచ్చుకున్నాడు, జూమ్ కాదు, ఒకటే దూరం చూపించేది. అది తగిలించి గండికోటలో ధాన్యాగారం లోపలికి పోయి తీసినాడు, లోపల ఎంత చీకటో పోయినోళ్లకు తెలుసు, వాకిలి నుంచి వచ్చే వెలుతురు తప్ప ఏముండదు. ఆ ఫోటో ముందర నా ఫోటో నిలబడలేదు. నిలబడదు కూడా, అంత జూమ్ లాగితే నా లెన్సు ఎఫ్ 2.8కి వచ్చేస్తుంది, 2.8కి 1.4కి మధ్య వెలుతురు నాలుగింతలు, పైగా సెన్సార్ మూడింతలు, మొత్తం పన్నెండింతలు. రాళ్ల మీద ఉలి గీతలు కూడా కనిపించినాయి ఆ ఫోటోలో. మిర్రర్‌లెస్ సత్తా అంటే అది. ఆ సత్తా బాడీలో, అంటే లెన్సు లేని ఉత్త కెమెరాలో లేదు, లెన్సు మార్చుకునే వీలులో ఉంది.

అందుకే నేను చెప్పేది ఇంతే. రెండో లెన్సు కొనే ఆలోచన, దానికి డబ్బులు పక్కన పెట్టే వీలు ఉన్నోళ్లే మిర్రర్‌లెస్ కొనాల. కిట్ లెన్సు తగిలించి ఇంక జన్మలో విప్పనోళ్లు, నాకు తెలిసి మా పక్క కొన్నోళ్లలో చానామంది అట్లాంటోళ్లే, వాళ్లు జేబులో పట్టని కాంపాక్ట్‌ని ఎక్కువ డబ్బులు పెట్టి కొన్నట్టు. పాపం వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. మీ పేపర్ చెప్పొచ్చు, చెప్పలే, అదే నా బాధ.

ఇంకోటి, కాంపాక్ట్ అనగానే మిర్రర్‌లెస్ కంటే చిన్న సెన్సార్ అని మీ వ్యాసంలో రాసినట్టే ఉంది. అదీ సరిగాదు. రికో జీఆర్ త్రీ అని 2019లో వచ్చింది, బ్యాటరీ కార్డు కలిపి 257 గ్రాములు, అందులో ఉండేది మావాని కెమెరాలో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సారే. లెన్సు ఎఫ్ 2.8, కదలదు, జూమ్ లేదు. ఫూజీ ఎక్స్100 వరస 2011 నుంచి వస్తాంది, దాంట్లో కూడా అదే సైజు సెన్సార్, ఎఫ్ 2 లెన్సు. సోనీ 2012లోనే ఆర్‌ఎక్స్1 అని ఏపీఎస్-సీ కంటే ఇంకా పెద్దదైన ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్‌తో కాంపాక్ట్ తెచ్చింది. అంటే సెన్సార్ సైజుని బట్టి ఇది మిర్రర్‌లెస్, ఇది కాంపాక్ట్ అని గీత గీయడానికి లేదు. లెన్సు విప్పొచ్చా లేదా, గీత అక్కడ ఉంది.

కాంపాక్ట్ అంటే తేలిక అని కూడా నమ్మొద్దు. 2024లో వచ్చిన ఎక్స్100 సిక్స్ బరువు 521 గ్రాములు. సోనీ ఏ6400 మిర్రర్‌లెస్ బాడీ 403, దానికి 16-50 లెన్సు 116, కలిపితే 519. రెండూ ఒకటే బరువు! ఒకదాంట్లో ఎఫ్ 2 లెన్సు ఉంది జూమ్ లేదు, ఇంకోదాంట్లో జూమ్ ఉంది వెలుతురు తక్కువ. ధర కూడా కాంపాక్ట్ కదా అని తక్కువుండదు, ఆ ఫూజీ లక్ష దాటి పోయింది. కాబట్టి "డబ్బుల్లేకపోతే కాంపాక్ట్" అనే మాట చదివి ఎవరైనా షాపుకి పోతే బిత్తరపోతారు.

మన సీమకు సంబంధించిన ఒక విషయం ఏ వ్యాసంలోనూ రాయరు, దుమ్ము. కడప నుంచి గండికోటకు పోవాలంటే ఎర్రగుంట్ల దాటినప్పటి నుంచి సిమెంటు దుమ్ము, నాపరాయి దుమ్ము, ఎండాకాలం గాలి లేస్తే నోరు తెరవలేం. మిర్రర్‌లెస్‌లో పాత ఎస్ఎల్ఆర్ లాగా ముందర అద్దం అడ్డం ఉండదు, లెన్సు విప్పితే చానా వాటిలో సెన్సార్ ఎదురుగా కనిపిస్తాంటుంది. మావాడు ఆ ఎఫ్ 1.4 లెన్సుని గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి గాల్లో మార్చినాడు. అప్పుడేం తెలియలే. మరుసటి రోజు పొద్దున సూర్యోదయం ఎఫ్ 11లో తీస్తే ఆకాశంలో ప్రతి ఫోటోలో ఒకే చోట నల్ల మచ్చలు, అపెర్చర్ చిన్నది చేసేకొద్దీ అవి ఇంకా గట్టిగా కనిపిస్తాయి. వాడు నోటితో ఊదబోయినాడు, నేను చెయ్యి పట్టుకుని ఆపినా, ఎంగిలి పడితే ఇంకా పెద్ద పని. రబ్బరు బుడ్డి ఒకటి దొరుకుతుంది, బ్లోయర్ అంటారు, కెమెరా నోరు కిందికి పెట్టి దాంతో కొట్టాల. కారులో కూర్చుని అద్దాలు ఎత్తుకుని లెన్సు మార్చుకోండి, బయట మార్చద్దు.

అట్లని కాంపాక్ట్‌కి దుమ్ము రాదని కాదు, జూమ్ లోపలికి బయటికి కదిలినప్పుడల్లా గాలిని పీల్చుకుంటుంది, దాంతోపాటు దుమ్ము పోతుంది. మా స్కూల్లో ఇంకో సార్ కాంపాక్ట్‌లో అట్లే ఒక చుక్క పడింది. మిర్రర్‌లెస్ అయితే లెన్సు విప్పి ఇంట్లోనే తుడుచుకోవచ్చు, కాంపాక్ట్ అయితే మొత్తం విప్పాల, మన వల్ల కాదు. ఆయన రిపేరుకి పంపిస్తే నెలన్నర పట్టింది. ఈ విషయంలో మిర్రర్‌లెస్సే నయం అని ఒప్పుకుంటా.

ఎండ గురించి కూడా. మే నెలలో మన కడపలో మధ్యాహ్నం బయట నిలబడి వెనక స్క్రీన్ చూసి ఫోటో తీయడం అయ్యే పని కాదు, తెల్లగా తప్ప ఏం కనిపించదు. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ కావాల. రికో జీఆర్ త్రీలో అది లేదు, చానా మంచి కెమెరా, కానీ మన ఎండకి అది పెద్ద లోటు. బ్యాటరీ కూడా దానికి 200 ఫోటోలు అని కంపెనీయే చెప్తుంది, రోజంతా తిరిగితే ఇంకో బ్యాటరీ జేబులో ఉండాల్సిందే.

అదే ఎండలో కాంపాక్ట్‌కి ఒక పెద్ద మేలు ఉంది, దీని గురించి తెలిసినోళ్లు తక్కువ. పగటి పెళ్లిళ్లలో షామియానా కింద పెళ్లికూతురు నిలబడి, వెనక మండే ఎండ ఉంటే మొహం నల్లగా పడుతుంది. ఫ్లాష్ వేయాల. మిర్రర్‌లెస్‌లో షట్టర్ సెన్సార్ ముందర పరదా లాగా నడుస్తుంది, అందుకే మామూలు ఫ్లాష్‌తో అయితే ఏ6400 లాంటి దాంట్లో సెకనులో 160వ వంతు కంటే వేగంగా పోనీయదు, అప్పుడు వెనకంతా తెల్లగా కాలిపోతుంది. ఎక్కువ వేగంలో ఫ్లాష్ వేయాలంటే దానికి వేరే ఫ్లాష్ కొనాల. నా కాంపాక్ట్ లాంటి వాటిలో షట్టర్ లెన్సు లోపలే ఉంటుంది, పువ్వు రేకులు విచ్చుకున్నట్టు తెరుచుకుంటుంది, 2000వ వంతులో కూడా చిన్న ఫ్లాష్ పని చేస్తుంది. పైగా చప్పుడు ఉండదు. మా కడప పెద్ద దర్గా ఉరుసులో కవాలీ జరిగేటప్పుడు నేను ముందర కూర్చుని తీసినా పక్కనోళ్లు తల కూడా తిప్పలేదు, ఆ పాటకి ఇబ్బంది కాకుండా తీయగలిగినానని ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

పిట్టలు తీసేటోళ్లకు మాత్రం వేరే దారి లేదు, మిర్రర్‌లెస్సే, 400 మిల్లీమీటర్ల దాకా పోయే లెన్సే. 1986లో కలివికోడి అనే పిట్ట మళ్లీ కనిపించిన లంకమల అడవి మనది, ఆ పక్క పిల్లోళ్లు పిట్టల మీద ఇష్టంతో కెమెరా కొంటామంటే నాకంటే సంతోషపడేటోడు ఉండడు. వాళ్లు బాడీ తక్కువలో కొని లెన్సుకి ఎక్కువ పెట్టుకోవాల. బాడీ నాలుగైదేళ్లలో పాతబడుతుంది, లెన్సు ఉంటుంది.

సార్, మిమ్మల్ని అడిగేది ఒకటే. ఈసారి ఇట్లాంటి పట్టిక వేస్తే సెన్సార్ పక్కన లెన్సు అపెర్చర్ జూమ్ మొదట్లో ఎంత, చివర్లో ఎంత అని రెండు నంబర్లు వేయండి, లెన్సుతో కలిపి బరువు ఎంతో వేయండి, వ్యూఫైండర్ ఉందా లేదా వేయండి, ధర బాడీదా లెన్సుతో కలిపిందా అని రాయండి. నాలుగు గడులు ఎక్కువవుతాయి, అంతే. నన్ను అడిగిన ఆ ఇద్దరు పిల్లోళ్లలో ఒకడు పులివెందుల్లో వీడియోలు తీస్తాడు, వానికి లెన్సు మార్చుకునేదే కొనమని చెప్పినా. ఇంకో అమ్మాయి ఊరూరా తిరిగి శాసనాలు ఫోటోలు తీసుకుంటాది, పీహెచ్‌డీ చేస్తాంది, బస్సుల్లో తిరిగే పిల్ల, ఆ అమ్మికి ఎఫ్ 1.8 కాంపాక్ట్ సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతున్నాం.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక సోషల్ టీచర్,
కడప