ఇద్దరికే అయినా వండుకో అమ్మా

లీడ్స్, ఇంగ్లండ్,
కార్తీక సోమవారం, రాత్రి

అమ్మకి, నాన్నగారికి,

నేను బాగున్నాను. డ్యూటీలు మామూలే. ఈ నెల నైట్ షిఫ్టులు ఎక్కువ పడ్డాయి, వచ్చే నెల తగ్గిస్తామన్నారు. జీతం పడింది, నాన్న ఖాతాకి పంపాను, చూసుకోమను. ఇక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతోంది. స్వెట్టర్లు సరిపడా ఉన్నాయి, కొత్తవి కొనాల్సిన పని లేదు.

మొన్న వీడియో కాల్‌లో నన్ను చూసి చిక్కిపోయావన్నావు. చిక్కలేదమ్మా. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మొహం అలాగే ఉంటుంది. రెండు పూటలా వండుకునే తింటున్నాను. నా సంగతి కాదు గానీ, నీ వెనకాల వంటగది గట్టు మీద ఉన్నవన్నీ నాకు కనిపించాయి. షుగర్ ఫ్రీ బిస్కెట్ల డబ్బా, మసాలా ఓట్స్ ప్యాకెట్లు, సూప్ పొడి, పళ్ళరసం డబ్బాలు. అప్పటినుంచీ అదే ఆలోచన. ఫోన్‌లో చెప్తే నాన్న "నువ్వు టెన్షన్ పడకమ్మా" అని పెట్టేస్తారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఇద్దరూ నిదానంగా చదవండి.

నాన్నకి షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ గారు చెప్పాక, మంచివనుకునే అవన్నీ కొన్నారని నాకు తెలుసు. డబ్బా మీద గుండె బొమ్మ, గోధుమ కంకి బొమ్మ వేసి అమ్ముతుంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ బిస్కెట్ల డబ్బా తిప్పి వెనకాల చిన్న అక్షరాలు చదవమ్మా. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదవమను. అందులో వేసిన సరుకుల్లో ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలి, మన దగ్గరా ఇక్కడా అదే నియమం. మొదట 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్' అని ఉంటే అది మైదా. తర్వాత పామాయిల్ ఉంటుంది. పంచదార వెయ్యనంత మాత్రాన మైదా రక్తంలో చక్కెర కాకుండా పోదు. ఇక్కడ డయాబెటిస్ యూకే అనే సంస్థ ఉంది. షుగర్ ఉన్నవాళ్ళ కోసమని ప్రత్యేకంగా అమ్మే బిస్కెట్లు, చాక్లెట్లు కొనొద్దని, మామూలు తిండే మితంగా తినమని వాళ్ళే చెప్తారు. వార్డులో నేనూ అదే చెప్తాను. పరాయివాళ్ళకి చెప్పి నాన్నకి చెప్పకపోతే ఎలా?

"ఇద్దరికి ఏం వండుతాంలే" అన్నావు చూడు, ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఇంటినిండా చుట్టాలుంటే ఒక్కదానివే పొయ్యి దగ్గర నిలబడి వండి పెట్టినదానివి. అక్క గాజువాకలో, నేనిక్కడ. మీ ఇద్దరికీ అరగ్లాసు పప్పు కడగడానికి నీకు చెయ్యాడటం లేదు. పైగా ఆ మోకాళ్ళు. గ్రైండర్ రాయి ఎత్తలేకపోతున్నావని అక్క చెప్పింది, నువ్వు చెప్పలేదు. నేనూ ఇక్కడ ఒక్కదాన్నే కదమ్మా, ఒక్క మనిషికి వండుకోవడం ఎంత బద్ధకమో నాకు తెలుసు. అయినా కుక్కర్ పెడుతున్నాను. కుక్కర్ కూత వినబడితే ఇల్లు ఇల్లులా ఉంటుంది.

ఇడ్లీ పిండి బయట కొంటున్నావని మొహమాటపడ్డావట. దాంట్లో తప్పేముంది? మినపప్పు, రవ్వ, ఉప్పు, అంతే కదా. ఏ రోజు రుబ్బింది ఆ రోజు అమ్మే చోట తీసుకో. పనంతా నువ్వే చెయ్యాలని నేననను. వంటింట్లో ఉండే సరుకులతో చేసినదైతే ఎవరు చేసినా ఒకటే. ఇక్కడ నేను ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన బఠానీలు, పాలకూర ప్యాకెట్లే వాడుతున్నాను. వాటిలో బఠానీ, ఆకుకూర తప్ప ఇంకేం ఉండదు. ప్యాకెట్‌లో ఉన్నదల్లా చెడ్డదని కాదు. హుద్‌హుద్ తుఫానప్పుడు కరెంటు లేక, పాలు దొరక్క అవస్థ పడుతుంటే బిస్కెట్ ప్యాకెట్లే కదా ఆదుకున్నాయి. ఆపదకి దాచుకోవలసినవి రోజూ తినకూడదనే నా బాధ.

ఇది నాన్నకి. మీరు దేనికైనా ఆధారం అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. 2019లో అచ్చయిన పరిశోధన ఒకటి ఉంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి తిండి పెట్టారు. రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, ఇంకో రెండు వారాలు మామూలు సరుకులతో వండిన తిండి. వడ్డించిన దాంట్లో కేలరీలు, పంచదార, ఉప్పు, కొవ్వు, పీచు రెండింటిలోనూ సమానంగా ఉండేట్టు చూసి, కావలసినంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో ఒక్కొక్కరు రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. బరువు దాదాపు కిలో పెరిగారు. మామూలు తిండికి మారాక అంతే తగ్గారు. గబగబా తినేశారట కూడా. మెత్తగా, నమలక్కర్లేకుండా ఉంటే అంతే కదా, కడుపు నిండిందని తెలిసేలోపే ప్లేటు ఖాళీ అవుతుంది. ఇక్కడివాళ్ళు తినే కేలరీల్లో సగానికి పైగా ఇలాంటి తిండి నుంచే వస్తున్నాయి. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు కూడా 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ఇవి బాగా తగ్గించమనీ, ప్యాకెట్ మీద రాసింది చదివి కొనమనీ చెప్పారు.

ఇంకో లెక్క. మన ప్యాకెట్ల మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని మిల్లీగ్రాముల్లో ఉంటుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. రోజుకి అన్నిటితో కలిపి ఉప్పు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే 2000 మిల్లీగ్రాముల సోడియం. ఇక్కడ చాలా ప్యాకెట్ల మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేస్తారు. వంద గ్రాముల్లో ఉప్పు గ్రామున్నర దాటితే ఎరుపు, పంచదార ఇరవై రెండున్నర గ్రాములు దాటితే ఎరుపు. మన వాటి మీద ఆ రంగులు లేవు గానీ అంకెలు ఉంటాయి. పోర్టులో అన్నేళ్ళు లెక్కలు చూసినవారు, మీరే రంగు వెయ్యండి. ఆ సూప్ పొడితో, నూడుల్స్ మసాలాతో మొదలుపెట్టండి. మీ బీపీకి అది ముఖ్యం.

ఆవకాయ మాటేమిటని అమ్మ అడుగుతుంది. ఆవకాయ మన చేత్తో కలిపిందే, అందులో ఏముందో మనకి తెలుసు. కానీ ఉప్పు ఉప్పే. నాన్నకి చిన్న ముక్క చాలు. ఎండు నెత్తళ్ళు, అప్పడాలు కూడా అంతే. అనకాపల్లి బెల్లం వేసుకుంటే షుగర్ పెరగదని మావయ్య చెప్పాడట. పెరుగుతుంది నాన్నా. పంచదార మానేసి బెల్లం టీ తాగితే లాభం లేదు.

పొద్దున్నే సంచీ పట్టుకుని ఎంవీపీ కాలనీ రైతుబజారుకి వెళ్ళడం మానేశారట? 1999లో రైతుబజార్లు మొదలుపెట్టినప్పటినుంచీ వెళ్ళినవారు. ఇప్పుడు యాప్‌లో నొక్కితే పది నిమిషాల్లో గుమ్మం ముందు పెడుతున్నారని చెప్పారు. తేవడానికి ఎవరూ లేనప్పుడు అది సాయమే, కాదనను. కానీ ఆ యాప్ తెరిస్తే ముందు కనిపించేది చిప్సూ కూల్‌డ్రింకులూ. బజారుకెళ్తే ముందు కనిపించేది తోటకూర. మీతో వచ్చిన రోజులు నాకు ఎంత గుర్తో. బెండకాయ కొస విరిచి చూసేవారు. ఏజెన్సీ నుంచి వచ్చిన సీతాఫలాలు కన్ను విప్పాయో లేదో చూసి ఏరేవారు. పనసపొట్టు కొట్టించి ఆకులో కట్టించుకునేవాళ్ళం. ఇక్కడ కిర్క్‌గేట్ మార్కెట్ అని పాత మార్కెట్ ఉంది, మన పూర్ణా మార్కెట్‌లా లోపలంతా కొట్లు. సెలవు రోజు అక్కడికెళ్ళి కానాగంతల్లాంటి చేపలు తెచ్చుకుని చింతపండు పులుసు పెట్టుకుంటాను. హార్బర్‌లో పొద్దున్నే దిగిన చేప రుచి రాదు. అయినా ఆ వాసనకి ప్రాణం లేచొస్తుంది. మీరు నడవగలిగినంతే నడవండి, పోనీ వారానికి రెండుసార్లు వెళ్ళండి. అమ్మకి కవళ్ళ చేపలు తెచ్చిపెట్టండి, ఖరీదూ తక్కువ, గుండెకీ మంచివి.

పళ్ళరసం డబ్బాల సంగతి మర్చిపోయాను. వాటి బదులు జామకాయ తినండి. గింజ నమలలేకపోతే సన్నగా కోసుకోండి. పీచంతా తీసేసిన రసం షుగర్ ఉన్నవాళ్ళకి మంచిది కాదు.

చోడి అంబలి, అదే రాగి అంబలి మాత్రం మానకు అమ్మా. వంద గ్రాముల చోళ్ళలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని పోషకాహార సంస్థ పట్టికలో ఉంది, పాలలో కన్నా చాలా ఎక్కువ. నీ ఎముకలకి అదే కావాలి. కాకపోతే డబ్బాలో అమ్మే రాగి మాల్ట్ వద్దు, దాంట్లో చాలావాటిలో పంచదార కలుస్తుంది. నువ్వు కాచేదే కాచుకో, రాత్రి పులియబెట్టి, పొద్దున మజ్జిగ పోసి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ముక్కతో. నాన్నకి ఒక్క గ్లాసే, చోడి కదా అని రెండు పొయ్యకు. నేను నైట్ డ్యూటీకి ఫ్లాస్కులో అదే పట్టుకెళ్తున్నాను. మూడింటప్పుడు తాగితే తెల్లారేదాకా ఆకలి వెయ్యదు. పక్కన పనిచేసే అమ్మాయికి ఇస్తే మొదట మొహం చిట్లించింది, ఇప్పుడు అడిగి మరీ తాగుతోంది.

అక్క మీద నాకేం కోపం లేదు. పిల్లల తిండి గురించి నేను మాట్లాడితే "అక్కడ కూర్చుని ఎన్నైనా చెప్తావు, పొద్దున్నే రెండు క్యారేజీలు కట్టి ఆఫీసుకి పరిగెత్తేది నేను" అంది. నిజమే. దాని కష్టం నాకు తెలుసు. నేను చెప్పింది తప్పుపట్టడానికి కాదు. పిల్లలు పుట్టినప్పటినుంచీ ఎత్తుకున్నాను, వాళ్ళ గురించి చెప్పే హక్కు నాకూ ఉంది. బుజ్జిగాడు స్కూలు నుంచి రాగానే నూడుల్స్ కావాలని ఏడుస్తాడట. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, సెనగ గుగ్గిళ్ళు, చిలగడదుంప, ఏదో ఒకటి ఎదురుగా పెట్టి ఉంచితే ఆకలి మీద అదే తింటాడు. ఒక్కరోజులో మారడు, ఒక్కసారిగా మాన్పించొద్దు కూడా. ఆదివారం బీచ్‌కి తీసుకెళ్తే ముంత మసాలా మాత్రం కొనిపెట్టండి. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, దాంట్లో ఏముంది అంత భయపడటానికి? నాకే ఇప్పుడు ఆ పొట్లం కావాలనిపిస్తోంది.

ఇవన్నీ చేస్తున్నాం కదా అని నాన్న మాత్రలు మానెయ్యకూడదు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను. తగ్గించాలన్నా మానాలన్నా డాక్టర్ గారే చెప్పాలి.

చిన్న టేబుల్ టాప్ గ్రైండర్ కొనుక్కో, రాయి బరువు తక్కువ ఉన్నది చూసుకో. దానికోసమే ఈసారి కొంచెం ఎక్కువ పంపాను. దాన్ని తీసుకెళ్ళి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వెయ్యొద్దని నాన్నకి చెప్పు. సోమవారం ఉపవాసాలు చేస్తున్నావు కదా, నీళ్ళు తాగడం మర్చిపోకు. మోకాళ్ళకి ఎక్స్‌రే తీయించుకుంటానన్నావు, తీయించావా?

పిన్ని కొడుకు జనవరిలో వస్తున్నాడుగా, వాడిచేత కిలో చోడిపిండి, కొంచెం కందిపొడి పంపు. ఇంకేం వద్దు, వాడి సామాను బరువెక్కుతుంది. శనివారం నాన్న పరగడుపు షుగర్ ఎంతుందో చూసి వాట్సాప్‌లో పెట్టమను. ఎంత వచ్చినా దాచకుండా పెట్టాలి.

మీ
చిన్ని