శీనూ, నీ పెట్టకి జబ్బేం లేదు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. నాలుగు పెట్టలూ ఒక పుంజూ తెచ్చావని చదివి భలే సంతోషమేసింది. ఒక పెట్ట రెండ్రోజులుగా గూట్లోంచి లేవట్లేదు, మేత సరిగ్గా ముట్టట్లేదు, చెయ్యి పెడితే పొడుస్తోంది అని బెంగపడ్డావు. జబ్బు కాదురా, పొదుగుకొచ్చింది, అంటే గుడ్ల మీద కూర్చుని పిల్లల్ని లేపాలని చూస్తోంది! ఆ ఒక్క మాట తెలిసుంటే రాత్రి నిద్ర పట్టేది నీకు.

ఇక పొదగెయ్. మా నాయనమ్మ గంపలో వరిగడ్డి పరిచి పదకొండు గుడ్లు పెట్టేది. నాటు పెట్ట రెక్కల కింద పది, పన్నెండుకి మించి పట్టవు. 21 రోజులు పడుతుంది. ఏడో రోజు రాత్రి, చీకట్లో ఒక్కో గుడ్డూ ఫోన్ లైటు మీద పెట్టి చూడు. ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకుని కనిపిస్తే పిల్ల పడినట్టే. ఏమీ లేకుండా వెలుగు దాటిపోతే ఒట్టి గుడ్డు, తీసెయ్. పుంజు తొక్కకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది గానీ, దాంట్లోంచి పిల్ల రాదు.

ఇరవయ్యో రోజుకి గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల కిచకిచలు వినిపిస్తాయి. పిల్ల ముక్కు కొసన తెల్లటి చిన్న మొన ఉంటుంది, దాంతోనే పెంకు పగలగొట్టుకుంటుంది. బీట పడ్డాక బయటికి రావడానికి ఒక పూట పట్టొచ్చు, రోజంతా పట్టొచ్చు. నువ్వు మాత్రం పెంకు ఒలవకు. చిన్నప్పుడు జాలిపడి నేను ఒలిచాను. పొరలో నెత్తురు ఇంకా ఆరలేదు, పిల్ల నా చేతిలోనే పోయింది. ఆ తడి ఇప్పటికీ గుర్తుంది.

మేతకి నూకలు, తవుడు చాలు, పక్కనే కాస్త ఇసుక, సన్న రాళ్ళు కూడా పొయ్యి. కోడికి పళ్ళుండవు కదా, గింజని నూరేది కందనకాయ, దానికి ఆ రాళ్ళే తిరగలి.

అన్నిటికన్నా భయపడాల్సింది కొక్కెర తెగులుకి. మెడ వంకర తిరుగుతుంది, ఆకుపచ్చగా పారుతుంది, వాడంతా ఊడ్చేస్తుంది. వచ్చాక మందు లేదు. పిల్లలకి వారం తిరిగేలోపు లసోటా టీకా చుక్క వేయించు, పశువుల డాక్టరు దగ్గర దొరుకుతుంది.

వనరాజ కోళ్ళు తెమ్మంటావా అని అడిగావు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థలో తీసిన రకం, నాటుకోడి కన్నా ఎక్కువ గుడ్లు పెడుతుంది. అయితే పొదుగుకి కూర్చోదు. దాని గుడ్లు నీ నాటు పెట్ట కిందే పెట్టాలి.

నీ ఎర్ర పుంజుని డేగ అంటారు, నల్లదైతే కాకి. గుడ్లు పెట్టిన తేదీ గోడమీద బొగ్గుతో రాసుకో. ఏడో రోజు ఎన్ని నిలిచాయో వెంటనే రాయి, ఎదురుచూస్తుంటా.

నీ
రాంబాబు