మందు పనిచేస్తోందని తేల్చేది ఎవరు?

సంపాదకుల వారికి,

ఏడీహెచ్‌డీ (పిల్లలు ధ్యాస నిలపలేక, కుదురుగా ఉండలేక ఇబ్బందిపడే సమస్య) అన్న మాట ఇప్పుడు మా కోనసీమ పల్లె బడుల్లోనూ వినబడుతోంది. కాకినాడో రాజమహేంద్రవరమో వెళ్లి మాత్రలు రాయించుకొచ్చిన తల్లిదండ్రులు మర్నాడే బడికి వచ్చి, "మావాడికి మందు మొదలెట్టామండి, కాస్త కనిపెట్టి చూడండి మాస్టారూ" అంటారు. నెల తిరిగాక డాక్టరుగారు ఆరా తీసేది కూడా ఆ మాస్టారి మాటనే. చిక్కంతా ఇక్కడే.

మందు వేస్తున్నారని తెలిశాక అదే పిల్లాడు మన కళ్లకు వేరుగా కనిపిస్తాడు. పాత అధ్యయనాలను 2009లో సమీక్షించిన అమెరికా పరిశోధకులు, మందు లేని ఉత్త మాత్రతో పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు వచ్చిందనడానికి పెద్దగా ఆధారం లేదన్నారు. మారింది పెద్దవాళ్ల అంచనా. మందు వేశారనుకున్న తల్లిదండ్రులు, టీచర్లు పిల్లల ప్రవర్తనకు ఎక్కువ మార్కులేశారు.

అలాగని మందు ఆపేయకండి. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ అన్న మందు చాలామంది పిల్లలకు నిజంగానే పనిచేస్తుంది. కాకపోతే మామూలు మాత్ర ప్రభావం నాలుగు గంటలు, కాస్త అటూ ఇటూ. పొద్దున వేస్తే సాయంత్రం ట్యూషన్ వేళకు దిగిపోతుంది. "బడిలో బానే ఉంటాడటండి, ఇంటికొస్తే అదే గోల" అని తల్లి వాపోతే అందులో మాత్ర గడువు ఎంత, మాస్టారి నమ్మకం ఎంత?

1999లో ఫలితాలు వెలువడిన అమెరికా అధ్యయనంలో 579 మంది ఏడీహెచ్‌డీ పిల్లలున్నారు. వాళ్లలో మందు ఇచ్చే గుంపులో పడ్డవాళ్లకు మొదటి 28 రోజులూ మోతాదులు మార్చి మార్చి, మధ్యలో ఉత్త మాత్ర కూడా ఇచ్చారు. ఏ రోజు ఏది వేశారో ఇంట్లోనూ తెలీదు, బడిలోనూ తెలీదు. మనకు అంత హంగు కుదరదు గానీ ఒక కాగితం చాలు. మందు మొదలెట్టక ముందు కొన్నాళ్లు, తర్వాత కొన్నాళ్లు, ఒకే టీచరు ఒకే పీరియడ్‌లో లెక్కపెట్టగలిగినవే రాయాలి. ఎన్నిసార్లు చోటు వదిలి లేచాడు, ఇచ్చిన లెక్కల్లో ఎన్ని పూర్తిచేశాడు. "బుద్ధిగా ఉన్నాడు" అని రాస్తే కుదరదు. మోతాదు మార్చిన రోజు టీచరుకు చెప్పాలా వద్దా అన్నది డాక్టరుగారే నిర్ణయించాలి.

 

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో గుర్తించాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. పిల్లల ఆరోగ్యం చూడటానికి బడులకొచ్చే ఆ బృందాల చేతే ఈ కాగితాన్ని తెలుగులో అచ్చువేయించి హెడ్మాస్టర్లకు అందేలా వైద్య, విద్యాశాఖ అధికారులు చూడాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం