అజ్నాలా బావిలోని సిపాయిల పేర్లు వెతికించండి

సంపాదకుల గారికి,

నమస్కారం. ఉప్పల్ నుంచి తార్నాక వైపు బస్సులో వెళ్తుంటే హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ, అంటే జీవకణాల మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ వస్తుంది. ఆ గేటు కనిపించినప్పుడల్లా నాకు పంజాబ్‌లోని ఒక బావి గుర్తొస్తుంది. అమృత్‌సర్ జిల్లా అజ్నాలాలో ఉంది ఆ బావి. దాని సంగతి మన వైపు తెలిసినవాళ్లు చాలా తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

1857లో ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలోని 26వ పటాలం లాహోర్ పక్కన మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో ఉండేది. తిరగబడతారేమోనన్న భయంతో మే 13నే ఆ సిపాయిల చేతుల్లోంచి తుపాకులు తీసేసుకున్నారు. జులై 30న వాళ్లు తిరగబడనే తిరగబడ్డారు. ఆ గొడవలో మేజర్ స్పెన్సర్ చనిపోయాడు. దుమ్ము తుపాను లేచిన అదనులో సిపాయిలు రావి నది వైపు పారిపోయారు. మర్నాడు నది ఒడ్డున పోలీసులు, ఊళ్లవాళ్లు చుట్టుముట్టారు. దాదాపు 150 మంది తూటాలకో, వరద నీళ్లకో బలైపోయారు. మిగిలిన 282 మంది పట్టుబడ్డారు. కోర్టు మార్షల్ పెట్టి విచారిస్తారన్న ఆశతో వాళ్లు కట్టేయించుకున్నారట. ఈ మాట రాసింది ఎవరో కాదు, వాళ్లను చంపించిన అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపరే.

విచారణ లేదు. వాళ్లను అజ్నాలా తెచ్చి బంధించారు. ఆగస్టు 1, బక్రీదు రోజు. తన దగ్గరున్న ముస్లిం రౌతులను పండగ చేసుకోమని కూపర్ ముందే అమృత్‌సర్ పంపేశాడు. పొద్దున్నే ఖైదీలను పదేసి మంది చొప్పున బయటికి పిలిచారు. ఒక్కొక్కరి పేరు రాసుకున్నారు. చేతులు కట్టి, ఒకరికొకరిని జతచేసి నడిపించుకెళ్లి కాల్చారు. దాదాపు 150 మంది అయ్యేసరికి కాల్చేవాళ్లలో ఒక పెద్దాయన స్పృహ తప్పి పడిపోయాడు. కాసేపు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. 237 మంది అయ్యాక, మిగిలినవాళ్లు తమను బంధించిన బురుజులోంచి బయటికి రావడం లేదని కబురొచ్చింది. తలుపులు తీస్తే లోపల 45 మంది చచ్చిపడి ఉన్నారు. ఉక్క, అలసట, భయం, గాలి ఆడని గది. అన్ని శవాలనూ పక్కనున్న పాడుబడ్డ బావిలో పడేయించి మట్టి కప్పించారు. ఇదంతా కూపర్ 1858లో పుస్తకంగా అచ్చువేయించుకున్నాడు. కాన్పూర్‌లో ఒక బావి ఉంటే అజ్నాలాలోనూ ఒకటుందని గొప్పగా రాసుకున్నాడు. కాన్పూర్‌లో తిరుగుబాటుదారులు ఇంగ్లిష్ ఆడవాళ్లనూ పిల్లలనూ చంపి బావిలో వేయడం ఘోరం, అందులో రెండో మాట లేదు. కానీ ఆ పాపానికీ, లాహోర్ నుంచి వచ్చిన ఈ సిపాయిలకూ ఏం సంబంధం?

2014లో స్థానికులు ఆ బావి తవ్వితే పుర్రెలు, ఎముకలు, పళ్లు, నాణేలు, పతకాలు బయటపడ్డాయి. ఇవి 1857 నాటివి కావు, దేశ విభజన గొడవల్లో చనిపోయినవాళ్లవని కొందరు వాదించారు. ఆ చిక్కు విప్పిన బృందంలో మన సీసీఎంబీ కూడా ఉంది. పంజాబ్ విశ్వవిద్యాలయం, బనారస్ హిందూ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలతో కలిసి పళ్ల నమూనాలకు డీఎన్ఏ పరీక్షలు, తిండీ నీళ్ల జాడను బట్టి మనిషి ఏ ప్రాంతంవాడో చెప్పే ఐసోటోప్ పరీక్షలు చేసి 2022లో ఫలితం ప్రకటించారు. చనిపోయినవాళ్లు పంజాబీలు కారు, గంగా మైదానం వాళ్లని, అంటే ఆ పటాలం సిపాయిలేనని తేలింది. తిన్న తిండి, తాగిన నీళ్ల గుర్తులు అన్నేళ్ల తర్వాత కూడా పంటిలో మిగిలే ఉన్నాయి. ఈ పనిలో మన ఊరి ల్యాబ్‌కు భాగం ఉన్నందుకు నాకు నిజంగా గర్వంగా ఉంది.

అయితే ఏ ప్రాంతం వాళ్లో తెలిసింది గానీ, ఎవరో తెలియలేదు. ఇక్కడే నా బాధ. కాల్చే ముందు పేర్లు రాసుకున్నామని చంపించినవాడే చెప్పాడు. అంటే ఆ రోజు ఒక జాబితా ఉంది. పటాలం అన్నాక జీతాల పట్టీలు, హాజరు పట్టీలు ఎలాగూ ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో, పంజాబ్ రికార్డుల్లో ఒక బృందాన్ని పెట్టి వెతికించాలి. బ్రిటన్‌ను కూడా అధికారికంగా అడగాలి.

మన హైదరాబాద్ సంగతే చూడండి. 1857 జులై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసి పట్టుబడ్డ తుర్రెబాజ్ ఖాన్ పేరు మనకు తెలుసు. జైలు నుంచి తప్పించుకుంటే 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. ఆయనతో కలిసి దాడికి వెళ్లిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు. పేర్లు ఉన్నాయి కాబట్టే కోఠీలో స్మారకం కట్టుకోగలిగాం, పిల్లలకు చెప్పుకోగలిగాం. నేను 1857 పాఠం చెప్పిన ఇన్నేళ్లలో పట్టుబడ్డవాళ్లు ఏమయ్యారని ఏ పిల్లాడూ అడగలేదు. పాఠం యుద్ధం దగ్గరే ఆగిపోయేది, అడగాలని వాళ్లకు తోచే వీలే లేదు. రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లోనూ అజ్నాలాకు ఒక పేరా ఇవ్వాలి.

పదేసి మందిని పిలిచి పేర్లు రాసుకున్న ఆ కాగితం ఢిల్లీలో ఉందా, లండన్‌లో ఉందా అని మన ఎంపీల్లో ఒక్కరైనా వచ్చే పార్లమెంటు సమావేశాల్లో ప్రశ్న వేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు
ఉప్పల్, హైదరాబాద్