మూడు మిస్డ్‌కాల్స్

ఒరేయ్ పావురేటూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర. జవాబు రాయలేదని తిట్టుకుంటా ఉంటావు, తిట్టుకో. ఇదంతా వాయిస్ నోటు పెడదామనుకున్నా గానీ నువ్వు రెండింతల వేగంతో పెట్టుకోని వింటావు, నా ఏడుపు కూడా నీకు చిలక పలుకుల్లాగా వినపడతాది. అందుకే కాయితం.

అమ్మ మోకాలు అట్టానే ఉండాది. పాప కావలిలో బీటెక్ మూడో ఏడు. మీ చెల్లెలు నిన్ను అడిగినట్టు చెప్పమంది. మలై కాజా ఈసారి వచ్చేవాళ్ల చేత పంపిస్తా, పోయినసారిది దారిలో ఎవరు తిన్నారో నాకు తెలుసు, అడగను. క్షేమసమాచారాలు అయిపోయినాయి.

పోయిన రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఒక చేత్తో, ఇల్లు కావాలని మొక్కుకునే ఇంటి రొట్టె పట్టుకోని, ఇంకో చేత్తో మా చిన్న ఓనరు భుజం తట్టి ఒక ఉచిత సలహా ఇచ్చావు, గుర్తుందా? "ఇంకా వాట్సాప్‌లో వ్యాపారం చేస్తా ఉండారా? ఆఫీసు చాట్ యాప్ పెట్టుకోండి సార్" అని. అట్టాంటి యాపే స్లాక్, అది ఎట్టా పుట్టిందో కథ కూడా చెప్పావు. కంప్యూటర్ ఆట తయారుచేసే కంపెనీ, ఆట మూతపడితే, లోపల మాట్లాడుకోడానికి కట్టుకున్న సరంజామానే 2013లో బయటికి తెచ్చిందని. ఆ అబ్బాయి కళ్లు అప్పుడే మెరిసినాయి. నాకు అప్పుడే భయమేసింది.

మైపాడు దగ్గర మా రొయ్యల గుంటలు నువ్వు చూశావు గదా. ఎనిమిది గుంటలు, గుంటకు నాలుగు ఏరియేటర్లు, నీళ్లలోకి గాలి కొట్టే మోటార్లు. పండగైన నెలలోపే యాప్ వచ్చేసింది. (పేరు రాయను, వాళ్ల తప్పేం లేదు.) సమోసాలు పెట్టి పూటంతా ట్రైనింగ్. మేతకు ఒక ఛానెల్, కరెంటుకు ఒకటి, డీజిలుకు ఒకటి, పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మేదానికి, ఒకటి. ఎందుకంటే "2021 అక్టోబరు 4 రాత్రి వాట్సాప్ ఆరు గంటలు ఆగిపోయింది, అప్పుడేం చేశారు?" అన్నాడు చిన్న ఓనరు. ఏం చేస్తాం? ఆ సంగతి మాకు మర్నాడు టీవీలో తెలిసింది. గుంటల మీద ఎవరూ గమనించనే లేదు.

మా వాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు గదా, సూపర్‌వైజర్ "మేత వేశాను" అని కొడితే ఫోను దాన్ని "మెథడ్ వేశాను" అని దిద్దింది. ఆ రోజు నుంచి మా దగ్గర మేతను మెథడ్ అంటారు. "రెండో గుంటకు మెథడ్ ఎక్కువైందిరా" అని మేత వేసే పిల్లోళ్లు అరుస్తా ఉంటే మా పెద్ద ఓనరు, పెద్దాయన, బిత్తరపోయి చూస్తాడు.

పది రోజులు తిరక్కుండానే వాట్సాప్‌లో ఇంకో గ్రూపు పుట్టింది. పేరు "అసలు గ్రూపు". చిన్న ఓనరు తప్ప అందరూ ఉండారు. యాప్‌లో గొంతు పెట్టాలంటే మూడు చోట్ల నొక్కాలంట, చేతులు బురదలో ఉన్నోడు యాడ నొక్కుతాడు? రిపోర్టు అక్కడ, మాట ఇక్కడ. మీ ఆఫీసులో అందరి ముందూ లాప్‌టాప్ తెరిచుంటాది. మా వాళ్ల ముందు నీళ్లుంటాయి. ఆ తేడా నీకు తట్టలేదు, నాకూ తట్టలేదులే.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. మూడు రోజులుగా మబ్బు, ఆకు కదల్లేదు. అట్టాంటప్పుడు గుంటల్లో ఏమవుతాదో నీకు తెలుసా? నీళ్లలో ఉండే పచ్చనాచు పగలు ఎండకు ఆక్సిజన్ ఇస్తాది, రాత్రికి అదే తిరిగి పీల్చుకుంటాది. ఎండ లేకపోతే పగటి జమ తక్కువ, రాత్రి ఖర్చు మామూలే. తెల్లారుజామున నీళ్లలో ఏమీ మిగలదు. అప్పుడు ఏరియేటర్లే ప్రాణం.

రాత్రి 11.40కి ఎలక్ట్రీషియన్ కరెంటు ఛానెల్‌లో ఫోటో పెట్టాడు. "5వ గుంటలో రెండు ఏరియేటర్లు తిరగడం లేదు. బేరింగో, కేబులో చూడాలి" అని. వాడు అప్పటికే అవతల గట్టున జనరేటర్ దగ్గర ఉండాడు. దాని కింద నాలుగు బొటనవేళ్లు లేచినాయి. నాలుగు! రాత్రి డ్యూటీ వాడొకడు, స్టోరు వాడొకడు, సూపర్‌వైజరు. వేలు పెట్టిన ప్రతివాడూ ఇంకొకడు పోతా ఉండాడనుకున్నాడు. మిగతావాళ్ల ఫోన్లు మోగనే లేదు, రాత్రి 10 నుంచి పొద్దున 8 దాకా మోత రాకుండా యాప్‌లో ముందే పెట్టి ఉందంట. ఎలక్ట్రీషియన్ నాలుగు వేళ్లు చూసి, పని జరిగిపోతా ఉందని జనరేటర్ పక్కనే కునుకు తీశాడు.

మూడు పేర్లే చెప్పానా?

నాలుగోది నాదిరా. పద్దులు చూసుకుంటా నిద్ర కళ్లతో ఫోను చూసి, వేలు నొక్కి పడుకున్నా. నొక్కినప్పుడు నా మనసులో ఏముందో ఇప్పటికీ గుర్తు రాదు. "చూశాను" అనా, "సరే" అనా, "పాపం" అనా... ఈ మాట మీ చెల్లెలికి కూడా చెప్పలేదు.

తెల్లారుజాము మొబ్బులో, నాలుగు కొట్టాక, ఫోను ఒకసారి మోగి ఆగింది. మళ్లీ మోగి ఆగింది. మూడోసారి మోగేసరికి నేను చొక్కా లేకుండానే బండి మీద ఉండా.

మన కోడు! 2003లో నువ్వూ నేనూ 501 కట్టి రిలయన్స్ మాన్సూన్ హంగామా ఫోన్లు తెచ్చుకున్నప్పుడు కాపలా తాతకు నేర్పింది. ఒకటైతే కరెంటు పోయింది, రెండైతే డీజిలు అయిపోవస్తా ఉంది, మూడైతే రొయ్య తేలింది. అంతకుముందు, సెల్‌ఫోన్లు లేనప్పుడు, నీ ఎస్టీడీ లెక్క వేరేలే, రాత్రి పదకొండు దాటి పావు రేటు పడిందాకా బూత్ బయట దోమలు కొట్టుకుంటా ఉండేవాడివి, ఆమెతో రెండు నిమిషాల కోసం. ఆమె ఇది చదివితే నన్ను చంపుతాది.

తాత దగ్గర బటన్ ఫోను, ఆయన ఏ ఛానెల్‌లోనూ లేడు. గట్టు మీద నడుస్తా టార్చి వేస్తే ఐదో గుంట అంచు పొడుగునా కళ్లు. టార్చి వెలుగులో రొయ్య కళ్లు ఎర్రగా నిప్పురవ్వల్లాగా మెరుస్తాయి, మామూలుగా అక్కడక్కడా నాలుగు కనపడతాయి. ఆ రోజు వడ్లు ఆరబోసినట్టు ఉండాయంట. నేను పోయేసరికి తాత మోకాళ్ల దాకా దిగి, ఆక్సిజన్ బిళ్లలు చేత్తో విసురుతా, ఎవరినో కాదు, నీళ్లనే తిడతా ఉండాడు. కేబులు మార్చి తిప్పేసరికి ఐదున్నర. సగం నిలబడింది. మిగతాది పొద్దున్నే ఉన్నఫళాన పట్టుబడి చేసి, వాళ్లు చెప్పిన రేటుకే ఇచ్చాం. ఇంకో మూడు వారాలుంటే రొయ్య లావెక్కి మంచి కౌంటుకు (కిలోకి ఎన్ని తూగుతాయనే లెక్క) వచ్చేది.

మీటింగులో చిన్న ఓనరు ఫోను తెరిచి వేళ్లు పెట్టినోళ్ల పేర్లు చదివాడు. నొక్కితే పేర్లు కనపడతాయంటరా, నాకు తెల్దు! నా పేరు ఆఖర్న వచ్చింది. పెద్దాయన నా వంక చూడలేదు. "టీ చెప్పు" అన్నాడు, అంతే. అరిచుంటే బాగుండేది. ఇరవై రెండేళ్లుగా ఆయన దగ్గర... సరే వదిలెయ్.

ఆ అబ్బాయిని మాత్రం మెచ్చుకోవాలి. తప్పు తన మీదా వేసుకున్నాడు, యాప్ తీసెయ్యలేదు. డీజిలు లెక్క, మేత లెక్క అందులో నిజంగానే బాగుండాది, నెలాఖరున నాకు రెండు రోజుల పని తప్పింది, అబద్ధమెందుకు. కరెంటు ఛానెల్‌లో మాత్రం బొటనవేలు నిషేధం. పొయ్యేవాడు "నేను పోతా ఉండా" అని పెట్టాలి, పోయి వచ్చినాక ఫోటో పెట్టాలి. రాత్రి మాత్రం ఫోనే చెయ్యాలి. మన కోడును ఆ అబ్బాయే అట్ట మీద రాయించి మోటారు షెడ్డులో తగిలించాడు. తాతకు స్మార్ట్‌ఫోను కొనిస్తానంటే, "నన్ను ఫోను చూడమంటే గుంట ఎవురు చూస్తారబ్బయా?" అన్నాడంట.

నీ మీద కోపం లేదు. ఉంది గానీ కొంచెమే. ఈసారి పండక్కి నువ్వు ఇంటి రొట్టె కాదు, నోరు మూసుకునే రొట్టె ఏదన్నా ఉంటే పట్టుకో. నిన్ను ఇంకోటి అడగాలనుకున్నా, మీ దగ్గర రాత్రి డ్యూటీ వాళ్లకు ఆ మోత సంగతి ఎట్టా పెట్టుకుంటారు, విడిగా...

ఉండు, ఫోను మోగి ఆగింది.

రెండు.

రెండే. డీజిలు. పోతా ఉండా, మిగతాది మళ్లీ రాస్తా.

నీ
మిస్డ్‌కాల్