ఆపరేషన్ అయ్యింది, నొప్పి మిగిలింది: జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నాకు హెర్నియా ఆపరేషన్ అయి ఏళ్లు గడిచాయి. కుట్లు మానాయి, స్కానింగ్‌లో ఏమీ లేదంటారు. కుడి గజ్జలో మంట, ఉన్నట్టుండి కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం మాత్రం పోలేదు. లుంగీ ముడి తగిలినా ఓర్చుకోలేను. ఓపీలో అడిగితే "అంతా బాగానే ఉంది, టెన్షన్ పడకండి" అంటారు.

ఇది టెన్షన్ కాదు సార్. ఆపరేషన్ తర్వాత 3 నెలలు దాటినా వదలని నొప్పికి, 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11లో విడిగా చోటుంది. కోతలో నరం దెబ్బతిన్నా, మెష్ (హెర్నియా ఉన్నచోట లోపల అమర్చే వల) దగ్గర చిక్కుకున్నా ఇలా జరగొచ్చు. రొమ్ము, ఛాతీ ఆపరేషన్ల తర్వాతా వస్తుంది. మామూలు నొప్పి బిళ్లలు దీనికి పెద్దగా పనిచేయవు. నరాల నొప్పికి వేరే మందులు, నరం దగ్గర చేసే ఇంజెక్షన్లు ఉన్నాయి.

జాలిపడమని రాయడం లేదు. సినిమాకి వెళ్తాను; అంచు సీటు తీసుకుని, ఇంటర్వెల్ తర్వాత గోడకు ఆనుకుని నిలబడి చూస్తాను. మనవరాలితో క్యారమ్స్ ఆడతాను, ఓడిపోతే తొండి అని గొడవ చేస్తాను. ఆవకాయకి కాయలు కొట్టే పని మాత్రం అల్లుడికి అప్పగించాను (ముక్కలు సమంగా రావడం లేదనుకోండి).

అడిగేదల్లా, జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక పూట నొప్పి ఓపీ. మత్తు డాక్టర్లలో ఈ శిక్షణ ఉన్నవారుంటారు. ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించేటప్పుడే ఇలా రావచ్చని తెలుగులో ఒక్క ముక్క చెప్పించండి. 3 నెలలైనా తగ్గకపోతే ఎవరి దగ్గరికి రావాలో డిశ్చార్జి కాగితం మీద రాయించండి.

ఇట్లు,
ఓ పాత పేషెంట్